మంత్రి ‘లేదండి’ అంటే జరగలేదనా, మా దగ్గరికి రాలేదనా? ప్రశ్నోత్తరాల గంట గురించి కాస్త వివరంగా

2021 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ రాజ్యసభలో ఒక లిఖితపూర్వక సమాధానం ఇచ్చింది. సాయంత్రానికల్లా అది ఒకే ఒక్క వాక్యంగా మారి అందరి ఫోన్లలోకి వచ్చేసింది: ‘ఆక్సిజన్ అందక దేశంలో ఎవరూ చనిపోలేదట.’ అంతకు రెండు నెలల ముందే, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది చనిపోయారని అప్పటి రాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది. ఆ వార్త చదివిన వాళ్లకి, ఆ ఇళ్లవాళ్లకి ఈ వాక్యం ఎలా తగిలి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అయితే సమాధానంలో ఉన్న మాటలు సరిగ్గా అవి కావు. ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశమని, మరణాల వివరాలు రాష్ట్రాలే పంపుతాయని, ఆక్సిజన్ కొరత వల్ల మరణాలు అని రాష్ట్రాలు ‘ప్రత్యేకంగా నివేదించలేదు’ అని అందులో ఉంది. మొదటి వేవ్‌లో రోజుకి 3,095 టన్నులున్న మెడికల్ ఆక్సిజన్ డిమాండ్ రెండో వేవ్‌లో దాదాపు 9,000 టన్నులకి పెరిగిందని కూడా అదే సమాధానంలో రాశారు. ‘చనిపోలేదు’ వేరు, ‘చనిపోయారని మాకు రాసి పంపలేదు’ వేరు. మొదటిది జరిగిన సంగతి గురించి, రెండోది ఫైలు గురించి. మంత్రులు ఇచ్చే సమాధానాల మీద ఏటా రేగే గొడవల్లో చాలా భాగం ఈ తేడా దగ్గరే పుడుతుంది. అందుకే అసలు ఈ ప్రశ్నల ఏర్పాటు ఎలా పనిచేస్తుందో మొదటి నుంచి చూద్దాం.

చుక్క ఉన్న ప్రశ్న, చుక్క లేని ప్రశ్న

లోక్‌సభలో రోజూ మొదటి గంట, 11 నుంచి 12 వరకు, ప్రశ్నోత్తరాల సమయం. రాజ్యసభలో 2014 నవంబర్ నుంచి దీన్ని మధ్యాహ్నం 12 నుంచి 1 వరకు పెడుతున్నారు. సభ్యులు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసులు ఎక్కువ, చోటు తక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. మంత్రిత్వ శాఖల్ని ఐదు గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపుకి వారంలో ఒక్కో రోజు ఇస్తారు, అంటే రైల్వే మంత్రిని ఏ రోజు పడితే ఆ రోజు అడగడం కుదరదు.

ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. నక్షత్ర గుర్తు (చుక్క) ఉన్న ప్రశ్నకి మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి. లోక్‌సభలో రోజుకి ఇలాంటివి 20, రాజ్యసభలో 15. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకి కాగితం మీద జవాబు ఇస్తే చాలు, దాన్ని సభ ముందు ఉంచేస్తారు. ఇవి లోక్‌సభలో రోజుకి 230, రాజ్యసభలో 160 దాకా వస్తాయి. అత్యవసరమైన విషయమైతే మంత్రి ఒప్పుకుంటే 15 రోజుల గడువు లేకుండా అడిగే స్వల్ప వ్యవధి ప్రశ్న కూడా ఉంది కానీ అది అరుదు.

జీరో అవర్‌ని చాలామంది దీంతో కలిపేస్తారు. అది వేరు. సభ్యులు నియోజకవర్గం సమస్యనో, ఆ పొద్దున పేపర్లో వచ్చిన విషయాన్నో లేవనెత్తే సమయం అది, 1960ల మొదట్లో అలవాటుగా వచ్చింది. అక్కడ మంత్రి అప్పటికప్పుడు జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు. ‘మా ఎంపీ పార్లమెంటులో నిలదీశారు’ అని వీడియో వస్తే అది చాలాసార్లు జీరో అవర్‌లోదే. మాట్లాడింది మీకు కనిపిస్తుంది, తర్వాత జవాబు ఏమొచ్చిందో కనిపించదు.

అసలు పదును అనుబంధ ప్రశ్నలో ఉంది

నక్షత్ర గుర్తు ప్రశ్నకి రాసిన జవాబు మంత్రి చేతిలో ముందే ఉంటుంది. అధికారులు తయారుచేసి ఇస్తారు. అందులో సభని ఆశ్చర్యపరిచేది ఏమీ ఉండదు. ఆ తర్వాత వచ్చేదే ముఖ్యం. ప్రశ్న అడిగిన సభ్యుడు రెండు అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు, ఆపైన స్పీకర్ అనుమతితో వేరే పార్టీల వాళ్లు కూడా అందుకోవచ్చు. వీటిలో సరిగ్గా ఏం అడుగుతారో మంత్రికి ముందే తెలియదు. శాఖ మీద పట్టు ఉంటే నిలబడతారు, లేకపోతే అందరికీ తెలిసిపోతుంది.

దీని విలువ బ్రిటిష్ వాళ్లకి బాగా తెలుసు. 1892 చట్టంతో కౌన్సిల్ (అప్పటి చట్టసభ) సభ్యులకి ప్రశ్న అడిగే హక్కు ఇచ్చారు, 1893లో భింగా మహారాజా మొదటి ప్రశ్న అడిగారు. టూర్ మీద వచ్చి మకాం వేసే అధికారులకి సరుకులు ఇవ్వాల్సి వచ్చే పల్లెటూరి దుకాణదారుల ఇబ్బందుల గురించి ఆ ప్రశ్న. అయితే జవాబు మీద మళ్లీ ప్రశ్న వేసే హక్కు మాత్రం 1909 దాకా ఇవ్వలేదు, అప్పుడూ మొదట అడిగిన సభ్యుడికే ఇచ్చారు. మిగతా సభ్యులకి ఆ అవకాశం 1919 సంస్కరణల తర్వాతే వచ్చింది. జవాబు చెప్పడానికి అభ్యంతరం లేదు, దాన్ని తిరిగి తవ్వకుండా ఉంటే చాలు అన్నది ఆ పాలకుల లెక్క అని నేను అర్థం చేసుకున్నాను.

స్వతంత్ర భారతంలో దీనికి పెద్ద ఉదాహరణ ముంధ్రా వ్యవహారం. 1957లో అప్పుడప్పుడే పుట్టిన ఎల్‌ఐసీ, హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల్లో దాదాపు కోటి పాతిక లక్షల రూపాయల షేర్లు కొనింది. దాని మీద లోక్‌సభలో రామ్ సుభగ్ సింగ్, ఫిరోజ్ గాంధీ ప్రశ్నలు వేశారు. మొదట వచ్చిన జవాబు తప్పించుకునేలా ఉంది. వాళ్లు వదల్లేదు, మళ్లీ అడిగారు, ఆ ఏడాది డిసెంబరులో ఫిరోజ్ గాంధీ వివరాలన్నీ పట్టుకొచ్చి సభలో పరిచారు. జస్టిస్ ఎం.సి. చాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇందులో నాకు అన్నిటికంటే గట్టిగా గుర్తుండే విషయం ఒకటుంది. ప్రశ్నించిన ఆ ఇద్దరూ కాంగ్రెస్ సభ్యులే. సొంత పార్టీ ప్రభుత్వాన్నే అడిగారు. ఓటింగుకి విప్ (పార్టీ ఆదేశం) ఉంటుంది గానీ ప్రశ్నకి విప్ లేదు, కాబట్టి అధికార పార్టీ సభ్యుడికి ఈరోజుకీ అడిగే స్వేచ్ఛ అంతే ఉంది. టికెట్ పోతుందేమోనన్న భయం వేరే సంగతి.

‘ఉత్పన్నం కాదు’ అనే మాట ఎక్కడి నుంచి వస్తుంది

మన అసెంబ్లీల్లో ప్రశ్న రూపం చూసే ఉంటారు. ‘ఫలానా శాఖ మంత్రివర్యులు దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేస్తారా’ అని మొదలై, అ, ఆ, ఇ అని ముక్కలుగా వస్తుంది. ఊహకి ఒక ప్రశ్న తీసుకుందాం:

అ) జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో డాక్టర్లు లేక రోగులు ఇబ్బందులు పడుతున్న మాట వాస్తవమేనా?
ఆ) అయినచో, అందుకు కారణాలేమిటి?
ఇ) ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి?

జవాబు ఇలా రావచ్చు. అ) లేదండి. ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు (అంటే ఆ ప్రశ్నే తలెత్తదు). ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

మూడు ముక్కలూ ఒకే దెబ్బకి కూలిపోయాయి. ఎందుకంటే మొదటి ముక్క ‘ఇబ్బందులు పడుతున్న మాట వాస్తవమేనా’ అని అడిగింది, ఇబ్బంది అనేదాన్ని ఎవరు కొలుస్తారు? మిగతా రెండూ దాని మీద ఆధారపడ్డాయి. అదే సంగతిని ఇంకోలా అడిగితే చూడండి. అ) జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో మంజూరైన డాక్టర్ పోస్టులు ఎన్ని? ఆ) వాటిలో ప్రస్తుతం ఖాళీగా ఉన్నవి ఎన్ని, ఎంతకాలంగా? ఇ) చివరిసారి నియామక ప్రకటన ఎప్పుడు ఇచ్చారు? ఇక్కడ ‘లేదండి’ అనడానికి చోటు లేదు. ఏదో ఒక అంకె చెప్పాలి. ఆ అంకె సభ రికార్డులో ఉండిపోతుంది, రేపు ఆ ఊరి విలేకరి ఆసుపత్రికి వెళ్లి లెక్క సరిచూసుకోవచ్చు.

దీనికి రెండో పక్క కూడా ఉంది. ప్రశ్న ఎలా ఉండాలో నియమాలు గట్టిగానే ఉన్నాయి. లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్నలో వాదన, ఆరోపణ, ఎత్తిపొడుపు ఉండకూడదు, 150 పదాలు దాటకూడదు, మంత్రి అభిప్రాయం అడగకూడదు, కోర్టు విచారణలో ఉన్న అంశం మీద అడగకూడదు. అధికారులు అనేది ఏమిటంటే, గాలివాటుగా అడిగిన దానికి గాలివాటు జవాబే వస్తుంది, నిర్దిష్టంగా అడిగితే నిర్దిష్టంగా చెబుతాం అని. అందులో న్యాయం ఉంది. కాకపోతే ఖాళీల సంఖ్య తెలిసి కూడా ‘ఇబ్బంది లేదు’ అని రాయడం సభ్యుడి భాషాదోషాన్ని అడ్డం పెట్టుకోవడమే అవుతుంది, అది నాకు సరైన పని అనిపించదు.

కింద ఆఫీసులో అదే ప్రశ్న

మా మేనమామ ఒక జిల్లా ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యారు. అసెంబ్లీ జరిగే రోజుల్లో ఆయన పొద్దున రెండు టిఫిన్ బాక్సులు పట్టుకెళ్లేవారు, ఒకటి రాత్రికి. శాసనసభ ప్రశ్నని ఆఫీసుల్లో ‘ఎల్‌ఏక్యూ’ అంటారు. ‘ఎల్‌ఏక్యూ వచ్చింది’ అంటే మిగతా పనంతా పక్కన పెట్టడమే. సచివాలయం నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మండలాలకి ఒక ఖాళీ టేబుల్ దిగుతుంది, రేపు పది గంటల్లోగా నింపి పంపాలి అని. మామయ్య మండలానికో ఫోన్ చేసి అంకెలు రాసుకునేవారు. ఎవరూ ఎత్తని మండలం పక్కన ఒక చుక్క పెట్టి మళ్లీ చేసేవారు. రాత్రి తొమ్మిదైనా రెండు మూడు మండలాల నుంచి సమాచారం రాకపోతే? ఆ గడిలో ‘నిల్’ అని రాసి పంపిన రోజులు ఉన్నాయని ఆయనే చెప్పారు, చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ ఇప్పటికీ ఉంటుంది.

ఏమీ జరగని మండలం గడిలోనూ నిల్, ఫోన్ ఎత్తని మండలం గడిలోనూ నిల్. పైకి వెళ్లేకొద్దీ ఆ రెండు నిల్‌లూ కలిసిపోయి ఒకటే మొత్తంగా మారతాయి. మంత్రి సభలో నిలబడి ‘లేదండి’ అన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పకపోవచ్చు. ఆయన చేతిలోని కాగితం మీద ఉన్నది అదే. ఆ నిల్ ఏ రకం నిల్ అని బయటపెట్టగలిగేది ఎదురుగా నిలబడి అడిగే అనుబంధ ప్రశ్న ఒక్కటే: ‘ఎన్ని జిల్లాల నుంచి సమాచారం వచ్చింది? రాని జిల్లాలేవి?’

గంట రద్దయినప్పుడు

ఇది తెలిస్తే 2020 సెప్టెంబరు సమావేశాల మీద అంత చర్చ ఎందుకు జరిగిందో అర్థమవుతుంది. కోవిడ్ కారణంగా ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంటని ఎత్తేశారు, లిఖితపూర్వక జవాబులు మాత్రం ఉంచారు. ప్రభుత్వం వైపు వాదన తీసిపారేసేది కాదు. సభ రోజుకి నాలుగు గంటలే జరుగుతోంది, నోటితో జవాబులంటే మంత్రి వెనక బోలెడంత మంది అధికారులు గ్యాలరీల్లో కూర్చోవాలి, సమాచారం ఎలాగూ కాగితం మీద వస్తోంది కదా అని. 1962 చైనా యుద్ధం సమయంలోనూ, ఎమర్జెన్సీలోనూ ఈ గంట ఆగిన సందర్భాలు ఉన్నాయి. ప్రతిపక్షాలు మాత్రం, బిల్లులు పెట్టడానికి లేని ఇబ్బంది ప్రశ్నలకే ఎందుకొచ్చింది అన్నాయి. మూడు వ్యవసాయ బిల్లులు ఆ సమావేశాల్లోనే ఆమోదం పొందాయి.

ఆ రోజుల్లోనే కార్మిక శాఖకి ఒక ప్రశ్న వచ్చింది. లాక్‌డౌన్‌లో సొంత ఊళ్లకి వెళ్తూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారు, వాళ్ల కుటుంబాలకి పరిహారం ఇచ్చారా అని. కోటి మందికి పైగా కార్మికులు స్వస్థలాలకి చేరారన్న లెక్క సమాధానంలో ఉంది. చనిపోయిన వాళ్ల గురించి మాత్రం, అలాంటి డేటా నిర్వహించడం లేదు, కాబట్టి పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదు అని వచ్చింది. మామూలు రోజుల్లో అయితే దాన్ని నక్షత్ర గుర్తు ప్రశ్నగా తెచ్చి, ‘డేటా ఎందుకు లేదు, సేకరించమని రాష్ట్రాలకి రాశారా’ అని ఎవరో ఒకరు లేచి అడిగే వీలుండేది. ఆ సమావేశాల్లో ఆ దారే మూసి ఉంది.

అయితే గంటని ప్రభుత్వం ఒక్కటే పోగొట్టదు. సభ్యులు వెల్‌లోకి (స్పీకర్ ముందున్న ఖాళీ స్థలంలోకి) వెళ్లి నినాదాలతో గొడవ చేస్తే సభ వాయిదా పడుతుంది, అప్పుడు నోటితో చెప్పాల్సిన జవాబులన్నీ కాగితాలై సభ ముందుకు వచ్చేస్తాయి. అంటే గొడవ వల్ల నక్షత్రం ఊడిపోయి, ప్రతి ప్రశ్నా చుక్క లేని ప్రశ్న అయిపోతుంది. బాగా జరిగిన రోజున కూడా గంటలో చాలాసార్లు ఐదారు ప్రశ్నలే పూర్తవుతాయి. 2019 నవంబర్ 27న లోక్‌సభలో 20 ప్రశ్నలూ చేపట్టగలిగితే అదే పెద్ద వార్త అయింది. గొడవ చేసే వాళ్ల వాదన ఏమిటంటే, పెద్ద అంశం మీద చర్చకి ఒప్పుకోకపోతే మాకు మిగిలిన ఆయుధం ఇదే, నిదానంగా అడిగిన అనుబంధ ప్రశ్నని ఏ టీవీ చూపించదు అని. ఆ ఉక్రోషం అర్థం చేసుకోగలను. కానీ ఆ గంట పోయినందుకు ఎక్కువ ఊపిరి పీల్చుకునేది ఆ రోజు జవాబు చెప్పాల్సిన మంత్రే.

మన దగ్గర ఇంకో తీరు ఉంది, అసలు సభకే రాకపోవడం. 2017 నవంబరు నుంచి వైఎస్సార్‌సీపీ ఏపీ అసెంబ్లీని బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని సభ నుంచి వెళ్లిపోయారు. 2024లో 175కి 11 సీట్లు వచ్చిన వైఎస్సార్‌సీపీ, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదంటూ మళ్లీ సభకి దూరం జరిగింది. తెలంగాణలో 2023 తర్వాత కేసీఆర్ సభకి వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రతి ఒక్కరికీ కారణం ఉంది, అవమానించారనో మైక్ ఇవ్వలేదనో. మైక్ ఇవ్వకపోవడం నిజంగా తప్పే. కాకపోతే ఆ మంత్రికి ఎదురుగా నిలబడి అనుబంధ ప్రశ్న అడిగే చోటు సభలో తప్ప ఇంకెక్కడా లేదు, ప్రెస్ మీట్‌లో అడిగిన దానికి మంత్రి రికార్డుగా జవాబు చెప్పాల్సిన పని లేదు.

ప్రశ్నకి ధర కట్టిన సందర్భాలు

ప్రశ్నకి ఇంత విలువ ఉంది కాబట్టే దాన్ని కొనాలని చూసే వాళ్లూ ఉంటారు. 2005 డిసెంబరులో డబ్బు తీసుకుని ప్రశ్నలు వేస్తున్నారని ఒక స్టింగ్ ఆపరేషన్ బయటపెట్టింది, పది మంది లోక్‌సభ సభ్యుల్ని, ఒక రాజ్యసభ సభ్యుణ్ని సభల నుంచి బహిష్కరించారు. 2007లో సుప్రీంకోర్టు ఆ చర్యని సమర్థించింది. 2023 డిసెంబరులో తృణమూల్ ఎంపీ మహువా మొయిత్రా బహిష్కరణ కాస్త వేరు. డబ్బు, కానుకలు తీసుకుని, ప్రశ్నలు పెట్టే లాగిన్ వివరాలు ఒక వ్యాపారవేత్తకి ఇచ్చారన్నది ఆరోపణ. లాగిన్ ఇచ్చిన మాట ఆమె ఒప్పుకున్నారు, డబ్బు తీసుకున్నానన్నది మాత్రం ఖండించారు, ఎంపీల తరఫున వేరేవాళ్లు టైప్ చేయడం మామూలే అన్నారు. 2024లో మళ్లీ గెలిచి అదే సభకి వచ్చారు.

జవాబు తప్పయితే, హామీ ఇచ్చి మరిచిపోతే

మంత్రి చెప్పింది తప్పని సభ్యుడికి తెలిస్తే స్పీకర్‌కి రాతపూర్వకంగా చెప్పొచ్చు, మంత్రే వచ్చి సరిదిద్దుకోవచ్చు కూడా. పొరపాటుగా తప్పు చెప్పడం హక్కుల ఉల్లంఘన కాదు, తెలిసి తెలిసి సభని తప్పుదోవ పట్టించారని తేలితేనే అవుతుంది, దాన్ని రుజువు చేయడం చాలా కష్టం. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’, ‘పరిశీలిస్తాం’ లాంటి మాటలు వట్టి మర్యాద మాటలు కావు, లెక్కకి అవి హామీలు. 1953 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ ఉంది, మూడు నెలల్లో ఆ హామీ తీర్చాలి, లేకపోతే గడువు పొడిగింపు అడగాలి.

అందుకే ఆరితేరిన జవాబుల్లో హామీ వాసనే ఉండదు. ఏపీ ప్రత్యేక హోదా మీద వచ్చిన జవాబులు తీసుకోండి. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ల హోదా గురించి చెప్పారు, విభజన చట్టంలో మాత్రం అది లేదు. తర్వాత ఏళ్ల తరబడి మన ఎంపీలు పార్టీలతో పని లేకుండా అదే ప్రశ్న అడిగారు. దాదాపు ప్రతిసారీ వచ్చిన జవాబు ఒకటే: 14వ ఆర్థిక సంఘం సాధారణ రాష్ట్రాలకి, ప్రత్యేక హోదా రాష్ట్రాలకి తేడా చూపలేదు, పన్నుల్లో రాష్ట్రాల వాటాని 32 నుంచి 42 శాతానికి పెంచింది అని. ఇది హోదా ఇవ్వొద్దని ఆర్థిక సంఘం చెప్పిందన్న మాట కాదు, ఇస్తామనీ కాదు. ప్రశ్న ‘ఇస్తారా’ అని ఉన్నంత కాలం ఆ జవాబే వస్తుంది.

రుయా సంగతి మాత్రం ఇంకోలా నడిచింది. జూలై జవాబు మీద గొడవ రేగాక, ఆక్సిజన్ మరణాల వివరాలు ప్రత్యేకంగా పంపమని కేంద్రం రాష్ట్రాలని అడిగింది. ఆగస్టులో రాజ్యసభలో మళ్లీ అదే విషయం వచ్చింది. ఈసారి సమాధానంలో ఆంధ్రప్రదేశ్ పేరు ఉంది. 2021 మే 10న ఎస్వీఆర్ఆర్ ఆసుపత్రిలో (అదే తిరుపతి రుయా) వెంటిలేటర్ మీద ఉన్న కొందరు రోగులు చనిపోయారని రాష్ట్రం తెలిపిందని రాశారు. పది కిలోలీటర్ల ఆక్సిజన్ ట్యాంకులో మట్టం తగ్గడానికీ, ప్రత్యామ్నాయ సిలిండర్ల వ్యవస్థ అందుకోవడానికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలో లైన్‌లో ప్రెషర్ పడిపోవడం కారణం కావచ్చని ప్రాథమిక విచారణలో తేలిందని కూడా రాశారు.